‘ఐదో చక్రం’ అని రాయకండి: ట్రైలర్ మాన్యువళ్లను డచ్‌లోకి పంపేవారికి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోనూ ఇతర చోట్లా లారీలు, ట్రైలర్ల మాన్యువళ్లను ఇంగ్లీషులో తయారుచేసి, ఆ తర్వాత యూరప్ భాషల్లోకి అనువదింపజేసే డాక్యుమెంటేషన్ బృందాలకు, ప్రాజెక్టు మేనేజర్లకు,

నమస్కారం.

ఇంగ్లీషు నుంచి డచ్‌లోకి వెళ్లే ట్రైలర్ పత్రాలను సరిచూడటం మా పని. డ్రైవర్ చేతి పుస్తకాలు, వర్క్‌షాపు మాన్యువళ్లు, విడిభాగాల కేటలాగులు, బండి మీద అతికించే హెచ్చరిక స్టిక్కర్లు, డాష్‌బోర్డు తెర మీద వచ్చే రెండు మూడు మాటల సందేశాలు, అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిలో దొర్లే తప్పుల్లో డచ్ సరిగా రాక జరిగేవి తక్కువ. ఇంగ్లీషు మాట వెనక ఉన్న వస్తువేదో అనువాదకుడికి ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగేవే ఎక్కువ. ఎక్సెల్ పట్టికలో ఎడమ వైపు ‘పిన్’, ‘ట్రైలర్’, ‘టిల్ట్’, ‘గేర్’ అని ఒంటరి మాటలు పేర్చి, కుడి వైపు గడులు రేపటికల్లా నింపమంటే, ఎంత చేయి తిరిగిన అనువాదకుడైనా ఊహించి రాయాల్సిందే. ఆ ఊహ తప్పితే దాని ఫలితం అనుభవించేది రోటర్‌డామ్ రేవు దగ్గర యార్డులో ట్రైలర్ విప్పుతున్న డ్రైవర్. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం: మాటతోపాటు వస్తువునూ పంపండి. బొమ్మ, భాగం నంబరు, ఏ దేశం కోసం రాసిన ఇంగ్లీషో ఒక ముక్క, ఈ మూడూ ఉంటే మేం చూసే తప్పుల్లో చాలావరకు పుట్టవు.

ఈ లేఖలో డచ్ మాటలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. ‘ఖ’ అని ఉన్నచోట గొంతులోంచి గరగరగా పలుకుతారని గుర్తుంచుకుంటే చాలు.

మొదట ‘ట్రైలర్’ అనే మాటనే చూడండి. ఇంగ్లీషులో వెనక తగిలించి లాగేదల్లా ట్రైలరే. డచ్‌లో అలా సరిపోదు. ముందు భాగం లాగే బండి మీద ఆనించి, వెనక మాత్రమే ఇరుసులు ఉండేది, అంటే సెమీ ట్రైలర్, ఓప్‌లెఖర్. ఆ మాటకు ‘మీద పెట్టేది’ అని అర్థం. తన బరువును దాదాపు అంతా తన చక్రాల మీదే మోసుకుంటూ, ముందుకు చాచిన కడ్డీ పట్టి లాగించుకునేది ఆన్‌హాంగ్‌వాఖెన్, అంటే తగిలించిన బండి. ఇందులో మళ్లీ రెండు రకాలు. ముందొక తిరిగే ఇరుసు, వెనకొక ఇరుసు ఉంటే ఓటోనోమె ఆన్‌హాంగ్‌వాఖెన్, ఇంగ్లీషులో డ్రాబార్ ట్రైలర్. ఇరుసులన్నీ మధ్యలో దగ్గరగా ఉంటే మిడెన్‌ఆస్‌ఆన్‌హాంగ్‌వాఖెన్. నెదర్లాండ్స్ డ్రైవర్లు మాటల్లో ఓప్‌లెఖర్‌ను ట్రైలర్ అనడం మామూలే, కానీ మాన్యువల్లోనూ టైపు అప్రూవల్ (బండి రకానికి ప్రభుత్వ ఆమోదం) కాగితాల్లోనూ ఆ వాడుక పెడితే చదివేవాడికి ఏ బండో తేలదు.

ఇది మనకు కొత్త ఇబ్బంది కాదు. మన ఊళ్లలో ట్రాక్టర్ వెనక కట్టేదాన్ని ఒకచోట ట్రక్కు అంటారు, ఇంకోచోట ట్రాలీ అంటారు, మరోచోట తొట్టి అంటారు. ‘ట్రక్కు బోల్తా పడింది’ అన్న వార్తను సందర్భం తెలియకుండా ఇంగ్లీషు చేస్తే, తొట్టి పడితే లారీ పడినట్టు అవుతుంది. అదే జారుపాటు ఇక్కడ ఇంగ్లీషుకూ డచ్‌కూ మధ్య జరుగుతోంది.

దీనికి మందు యూరోపియన్ యూనియన్ చట్టంలోనే ఉంది. వాహనాల టైపు అప్రూవల్ నిబంధనల్లో సెమీ ట్రైలర్‌కు డీఏ, డ్రాబార్ ట్రైలర్‌కు డీబీ, మధ్య ఇరుసు ట్రైలర్‌కు డీసీ అని సంకేతాలున్నాయి. బరువును బట్టి ఓ1 నుంచి ఓ4 వరకు తరగతులున్నాయి: 750 కిలోల వరకు ఓ1, అక్కడి నుంచి 3500 వరకు ఓ2, 10,000 వరకు ఓ3, ఆపైన ఓ4. ఈ అక్షరాలు ఏ భాషలోనైనా ఒకటే. మీ పదకోశంలో ‘ట్రైలర్’ అని ఒకే వరుస ఉంటే దాన్ని చీల్చి, డీఏకి ఒకటి, డీబీకి ఒకటి, డీసీకి ఒకటి చేయండి. 2018/858 నంబరు నిబంధన ఇంగ్లీషులోనూ డచ్‌లోనూ పక్కపక్కన చదవడానికి ఈయూ చట్టాల వెబ్‌సైటు యూర్-లెక్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. పదం మీద వాదన వస్తే ముందు అక్కడ చూడండి.

బొమ్మ లేనప్పుడు అంకె కూడా సాయం చేస్తుంది. యూరప్ సాధారణ పరిమితుల్లో ముందు లాగే బండీ (దీన్నీ ట్రాక్టర్ అనే అంటారు) సెమీ ట్రైలరూ కలిసిన పొడవు 16.50 మీటర్లు, లారీ వెనక డ్రాబార్ ట్రైలర్ కట్టిన కూర్పు పొడవు 18.75 మీటర్లు. వాక్యంలో 16.50 కనిపిస్తే అక్కడి ట్రైలర్ ఓప్‌లెఖరే. 25.25 మీటర్లు, 60 టన్నులు అని ఉంటే నెదర్లాండ్స్‌లో ఎల్‌జెడ్‌వీ అనే పొడవాటి కూర్పు గురించి మాట్లాడుతున్నారు. అందులో రెండో ట్రైలర్ కింద పెట్టే చిన్న బండిని డచ్‌లో కూడా డాలీ అనే అంటారు, దానికి కొత్త మాట పుట్టించనక్కర్లేదు.

ఇక శీర్షికలో పెట్టిన ‘ఫిఫ్త్ వీల్’ సంగతి. ట్రాక్టర్ వెనక చట్రం మీద గ్రీజు పూసుకుని, వెనక్కి నోరు తెరుచుకుని ఉండే గుండ్రటి ఇనప పలక అది. ట్రైలర్ ముక్కు కింద ఉన్న సీల దాని నోట్లోకి వచ్చి పడుతుంది. డచ్‌లో దాన్ని కొపెల్‌స్ఖోటెల్ అంటారు, వాడుకలో ఉత్త స్ఖోటెల్. ఆ మాటకు పళ్లెం అని అర్థం, చూస్తే పళ్లెంలాగే ఉంటుంది కూడా. మాటకు మాట పెట్టి ‘వైఫ్‌డె వీల్’ అని రాస్తే డచ్ చదువరికి తోచేది వేరు. ‘బండికి ఐదో చక్రం’ అనేది వాళ్ల నుడికారం, నలుగురి మధ్య అక్కర్లేకుండా ఉన్న మనిషిని అలా అంటారు. ‘ఐదో చక్రానికి గ్రీజు పెట్టండి’ అని చదివిన మెకానిక్ ఆగిపోతాడు. లేదా స్పేర్ చక్రం అనుకుంటాడు, అది ఇంకా ప్రమాదం. దీన్నుంచి వచ్చే పిల్ల మాటలు కూడా స్ఖోటెల్‌తోనే కట్టాలి: పలక ఎత్తు స్ఖోటెల్‌హోఖ్టె, పలక మీద పడే బరువు స్ఖోటెల్‌డ్రుక్. ఒకచోట స్ఖోటెల్, మరోచోట వీల్ అని ఉంటే రెండు వేర్వేరు భాగాలని అనుకుంటారు.

ఆ సీల, అంటే కింగ్‌పిన్, ఇంకా మోసం చేసే మాట. ట్రైలర్ ముక్కు కింద ఉండేది కొపెల్‌పెన్. డచ్ వర్క్‌షాపుల్లో కింగ్‌పిన్ అని కూడా వాడతారు. కానీ ఇంగ్లీషులో అదే మాటను స్టీరింగ్ ఇరుసు చివర చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన సీలకీ వాడతారు, దాని డచ్ పేరు ఫ్యూజేపెన్. కేటలాగులో ‘కింగ్‌పిన్ కిట్’ అని మాత్రమే ఉంటే అది ఏదో ఎవరూ చెప్పలేరు. పక్కన కొలత ఉంటే కొంత నయం: 2 అంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు అని ఉన్నా, 3.5 అంగుళాలు, అంటే 88.9 మిల్లీమీటర్లు అని ఉన్నా అది ట్రైలర్ సీల. మొదటిది ఐఎస్ఓ 337లోది, రెండోది ఐఎస్ఓ 4086లోది. కేటలాగు అధ్యాయం పేరు ఫైల్లోనే ఉంచినా సరిపోతుంది. వాక్యాలను విడగొట్టి అక్షర క్రమంలో పేర్చి పంపే అలవాటు వల్ల ఈ మాత్రం ఆసరా కూడా పోతోంది.

విడివిడి మాటలు ఒక్క వాక్యంలో కలిస్తే ఏమవుతుందో చూడండి. అమెరికా డ్రైవర్ కోసం రాసిన సూచన ఇలా ఉంటుంది: ‘ట్రైలర్‌ను డ్రాప్ చేయడానికి ల్యాండింగ్ గేర్ దించి, ఎయిర్ బ్యాగుల్లో గాలి డంప్ చేసి, ఫిఫ్త్ వీల్ రిలీజ్ హ్యాండిల్ లాగండి.’ మాటకు మాట డచ్ చేస్తే, ట్రైలర్‌ను కింద పడేయాలి, విమానం చక్రాలు దించాలి, ప్రమాదంలో ముఖానికి అడ్డొచ్చే సంచుల్లోంచి గాలి పారబోయాలి అని తయారవుతుంది. ల్యాండింగ్ గేర్‌ను డచ్‌లో లాండింగ్స్‌ఖెస్టెల్ అంటే అది విమానానిదే. ట్రైలర్ ముందు భాగాన్ని నిలబెట్టే కాళ్లు స్టోన్‌పోటెన్, ఆసరా కాళ్లు. ఇరుసు మీది గాలి తిత్తి లుఖ్ట్‌బాల్ఖ్. ఎయిర్‌బ్యాగ్ అని డచ్‌లో అంటే స్టీరింగ్‌లోంచి పేలి వచ్చేదొక్కటే. డ్రాప్ చేయడం అంటే ఆఫ్‌కొపెలెన్, విప్పడం. గాలి డంప్ చేయడం అంటే సస్పెన్షన్‌ను కిందికి దించడం. వాక్యంలో ఒక్క మాట కూడా యథాతథంగా దాటలేదు.

పైగా ఆ ఇంగ్లీషు వాక్యం పని వరుసను కూడా పూర్తిగా చెప్పదు. విప్పేటప్పుడు మొదట నేల గట్టిగా, సమంగా ఉందో లేదో చూడాలి. ట్రైలర్ పార్కింగ్ బ్రేకు వేయాలి, అవసరమైతే చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టాలి. కాళ్లు నేలకు ఆనేదాకా దించాలి. గాలి గొట్టాలు, కరెంటు తీగలు తీసి వాటి చోట తగిలించాలి. అప్పుడు స్ఖోటెల్ పిడి లాగాలి. బండిని మెల్లగా ముందుకు తీసి, చట్రం ఇంకా ట్రైలర్ ముక్కు కిందే ఉండగా ఒకసారి ఆగి, కాళ్లు దిగబడటం లేదని చూసుకోవాలి. ఆపైన పూర్తిగా బయటికి రావాలి. కాళ్ల గురించిన మాట అర్థంకాక ఆ ఒక్క మెట్టు దాటేస్తే, సరుకుతో ఉన్న ట్రైలర్ ముక్కు నేలకు గుద్దుకుంటుంది. ఇలాంటి వరుసలను మీ ఇంగ్లీషు మూలంలోనే ఒక్కో పనికి ఒక్కో వాక్యంగా విడదీసి నంబర్లు వేయండి. మూలం చక్కబడితే డచ్ ఒక్కటే కాదు, మీరు పంపే మిగతా భాషలన్నీ చక్కబడతాయి.

ఆఫ్‌కొపెలెన్ దగ్గర ఇంకో చిక్కుంది. డచ్‌లో ఇలాంటి క్రియలు వాక్యంలో రెండు ముక్కలవుతాయి: ‘కొపెల్ దె ఓప్‌లెఖర్ ఆఫ్’. కొపెల్ ముందుకు, ఆఫ్ చివరికి. అనువాద సాఫ్ట్‌వేర్‌లోని పదకోశ తనిఖీ ఆఫ్‌కొపెలెన్ అనే పూర్తి రూపం కోసమే వెతికి, దొరకలేదని ఎర్రజెండా ఎత్తుతుంది. ఆ జెండా తీయించుకోవడానికి అనువాదకుడు వాక్యాన్ని వంకర తిప్పి రాస్తాడు. ఇలాంటి జెండాలను తప్పుగా లెక్కగట్టి మార్కులు తగ్గించకండి. వాక్యం చదివి తేల్చండి.

గాలి గొట్టాల విషయంలో రంగు కూడా అనువాదమే. అమెరికాలో ట్రైలర్‌కు గాలి సరఫరా చేసే గొట్టం ఎరుపు, పెడల్ తొక్కినప్పుడు బ్రేకు సంకేతం మోసే గొట్టం నీలం. యూరప్‌లో సరఫరా ఎరుపే, సంకేతం మాత్రం పసుపు. ‘నీలం గొట్టం తగిలించండి’ అని డచ్‌లో రాస్తే ఆ బండిలో నీలం గొట్టమే ఉండదు. గొట్టం చివర కలిసే తలలను అమెరికన్లు ‘గ్లాడ్ హ్యాండ్’ అంటారు, కరచాలనం చేసినట్టు కలుస్తాయని. డచ్‌లో కొపెలింగ్స్‌కొప్ అంటారు, కలుపు తల అన్నమాట. కాబట్టి మూలంలో రంగు ఒక్కటే రాయకుండా పని కూడా రాయండి: సరఫరా గొట్టమా, బ్రేకు సంకేతం గొట్టమా. ఎరుపు గొట్టంలో ఒత్తిడి పోతే ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి, పసుపుది ఊడితే డ్రైవర్ తొక్కే బ్రేకు సంకేతం ఆ గొట్టం ద్వారా ట్రైలర్‌కు చేరదు. లోపం వెతికే పట్టికలో ఈ రెండూ తారుమారైతే మెకానిక్ వెతికేది తప్పు చోట.

కుడి, ఎడమ గురించి చెప్పకపోతే ఈ లేఖ అసంపూర్ణం. బ్రిటిష్ మాన్యువళ్లలో ‘నియర్‌సైడ్’, ‘ఆఫ్‌సైడ్’ అని రాస్తారు. నియర్‌సైడ్ అంటే రోడ్డు అంచు వైపు. బ్రిటన్‌లో, మన దగ్గరిలాగే, బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి అక్కడ నియర్‌సైడ్ ఎడమ. నెదర్లాండ్స్‌లో కుడి పక్కన నడుస్తాయి, రోడ్డు అంచు కుడి వైపు ఉంటుంది. అనువాదకుడు మర్యాదగా ‘రోడ్డంచు వైపు’ అని అనువదిస్తే భాగం ఎదురు వైపుకు మారిపోతుంది. అమెరికా ‘కర్బ్‌సైడ్’ మళ్లీ కుడి. ఎడమ దీపం అడిగితే కుడి దీపం రావడం, బ్రేకు గొట్టం పొడవు చాలకపోవడం ఇక్కడినుంచే మొదలవుతాయి. ప్రతి చోటా ‘బండి నడిచే దిక్కుకు ముఖం పెట్టి చూస్తే ఎడమ’, ‘కుడి’ అని మూలంలోనే మార్చేయండి. ఇరుసులను ముందు నుంచి 1, 2, 3 అని లెక్కపెట్టండి, ఆ మాట పుస్తకం మొదట్లో ఒకసారి చెప్పండి.

బాడీ రకాల పేర్లలోనూ ఉచ్చులున్నాయి. ‘టిల్ట్ ట్రైలర్’ వంగేదీ కాదు, తిరగబడేదీ కాదు. చట్రం మీద టార్పాలిన్ కప్పు వేసిన బండి అది, డచ్‌లో హౌఫ్‌ఓప్‌లెఖర్. పడవల మీదా బళ్ల మీదా కప్పే గుడ్డను ఇంగ్లీషులో టిల్ట్ అన్న పాత అర్థం ఇక్కడ మిగిలింది. ఎత్తి సరుకు పోసేది కిపర్. రెండింటినీ కలగలిపితే బరువు పట్టిక, బీమా కాగితం, కొనే ఆర్డరు అన్నీ తప్పుతాయి. పక్కకు జరిపే తెరలున్నది స్ఖౌఫ్‌జైల్ ఓప్‌లెఖర్ రకం. టాట్‌లైనర్ అనే పేరు మాటల్లో వినిపిస్తుంది గానీ అది ట్రేడ్‌మార్క్, సాధారణ నామంగా మాన్యువల్లో పెట్టకండి. సరుకును బయటికి జరిపే కదిలే నేలకు వాడే ‘వాకింగ్ ఫ్లోర్’ పేరు కూడా అంతే. బరువైన యంత్రాలను మోసే తక్కువ ఎత్తు ట్రైలర్ డీప్‌లాడర్. దాని ముందు వంపును ఇంగ్లీషులో ‘గూస్‌నెక్’, అంటే పెద్ద బాతు మెడ అంటారు. డచ్ వాళ్లకు అది హంస మెడ, జ్వానెన్‌హాల్స్. ‘బాడీబిల్డర్ గైడ్‌లైన్స్’ అన్న పుస్తకాన్ని డచ్‌లో బాడీబిల్డర్ అనే ఉంచేస్తే వ్యాయామశాల మనిషి గుర్తొస్తాడు. చట్రం మీద బాడీ కట్టేవాడు కరోసెరీబౌవర్, ఆ పుస్తకం ఓప్‌బౌరిఖ్ట్‌లైనెన్.

లాగే బండీ ట్రైలరూ మధ్యలో మడత పడటాన్ని ఇంగ్లీషులో ‘జాక్‌నైఫ్’ అంటే వాళ్లు స్ఖారెన్ అంటారు, కత్తెరలా ముడుచుకోవడం. జంట టైర్లను డబెల్‌లుఖ్ట్ అంటారు, అక్షరాలా రెట్టింపు గాలి. ఎవరూ పుస్తకం చూసి పుట్టించిన మాటలు కావివి, యార్డుల్లో పుట్టినవి. డ్రాబార్‌కు వాళ్లు వాడే డిసెల్ కూడా గుర్రపు బండి కాలం నాటిది, మన ఎడ్లబండి నొగ లాంటిదే. దాని చివరి కన్ను ట్రెక్‌ఓఖ్. ఆ కన్నును అందుకునే లారీ వెనకది ఫాంగ్‌మౌల్, పట్టుకునే నోరు. ఇంత చక్కటి మాటలుండగా ‘కప్లింగ్ యూనిట్’ అన్న చప్పటి మాటను ఈ భాగాలన్నిటికీ వాడే మూలాలు వస్తుంటే బాధేస్తుంది.

సరుకు కట్టే అధ్యాయంలో ముందు గోడ పేరు జాగ్రత్త. బ్రిటిష్ ‘హెడ్‌బోర్డ్’ డచ్‌లో కొప్‌స్ఖొట్. మాటకు మాట పెడితే మంచం తలాపి పలక అవుతుంది. ఈ గోడ బలం మీద లెక్కలు ఆధారపడతాయి. బండి బాడీ బలం గురించిన యూరప్ ప్రమాణం ఈఎన్ 12642లో ఎక్కువ బలమైన ఎక్స్‌ఎల్ రకం బాడీకి ముందు గోడ సరుకు సామర్థ్యంలో 50 శాతం, పక్క గోడలు 40 శాతం, వెనక గోడ 30 శాతం బలాన్ని తట్టుకోవాలి. మామూలు ఎల్ రకానికి ముందు 40, పక్కలు 30, వెనక 25 శాతం, అందులోనూ ముందు గోడకు 5000, వెనక గోడకు 3100 డెకాన్యూటన్ల (బలాన్ని కొలిచే కొలమానం) పరిమితి ఉంది. ఈ డెకాన్యూటన్లను ‘సులువుగా ఉంటుందని’ కిలోలుగా మార్చేసిన అనువాదాలు వస్తుంటాయి. అలా చేయకండి. సరుకు కట్టే బెల్టుల లేబుళ్ల మీద ఉండేదీ అదే కొలమానం, డ్రైవర్ రెంటినీ పోల్చి చూసుకుంటాడు. కప్లింగ్ ప్లేటు మీద చెక్కిన డి, యు, ఎస్, వి అక్షరాలను కూడా కదిలించవద్దు. అవి అంతర్జాతీయ గుర్తులు.

అంకెల దగ్గర కామా, చుక్క తారుమారవుతాయి. ఇంగ్లీషులో 1,500 కిలోలు అంటే వెయ్యిన్నర. డచ్‌లో అదే రాత ఒకటిన్నర కిలో. వాళ్లు వేలకు చుక్క, దశాంశానికి కామా పెడతారు. 2.55 మీటర్ల వెడల్పు డచ్‌లో 2,55 అవ్వాలి. కొలమానాల మార్పిడి కూడా అనువాదకుడి నెత్తిన వేయకండి. చక్రం నట్టు బిగింపు 450 ఫుట్-పౌండ్లు అని ఉంటే 610 న్యూటన్ మీటర్లని మీ ఇంజినీరే తేల్చి ఇవ్వాలి. గాలి 120 పీఎస్ఐ అంటే సుమారు 8.3 బార్. అమెరికా ‘టన్’ 907 కిలోలే, డచ్ టన్ను వెయ్యి కిలోలు. 40 అమెరికా టన్నులను 40 అనే ఉంచితే మూడున్నర టన్నులకు పైగా ఎక్కువ చూపినట్టు.

వ్యాకరణం వల్ల వచ్చే చిక్కు మీ సాఫ్ట్‌వేర్ బృందానికి సంబంధించింది. డచ్ నామవాచకాలకు దె, హెట్ అని రెండు ఉపపదాలు. ఓప్‌లెఖర్‌ది దె, చాసీది హెట్. విశేషణం దాన్ని బట్టి మారుతుంది: ‘ఎన్ నీవె ఓప్‌లెఖర్’, కొత్త ట్రైలర్. ‘ఎన్ నీవ్ షాసీ’, కొత్త చాసీ. ‘కొత్త + ఖాళీ గడి’ అని ఒక వాక్యం అనువదింపజేసుకుని ఆ గడిలో ఏ భాగం పేరైనా దించేస్తే సగం వాక్యాలు తప్పుతాయి. పూర్తి వాక్యాలే పంపండి. రెండోది, డచ్‌లో సమాసాలు కలిపి రాయాలి. ఇంగ్లీషు చూసి విడగొట్టి రాయడాన్ని వాళ్లే ‘ఎంగెల్సె జీక్టె’, అంటే ఇంగ్లీషు జబ్బు అంటారు. కేటలాగులో ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి ఉంటే కొనేవాడు వెతికినప్పుడు భాగం దొరకదు. మూడోది పొడవు. టైర్ల గాలి ఒత్తిడిని గమనించే వ్యవస్థకు డచ్ పేరు రోమన్ లిపిలో 30 అక్షరాల ఒకే మాట. డాష్‌బోర్డు తెరలో 16 అక్షరాలకే చోటుంటే ఆ సంగతి ముందే చెప్పండి, టైరు ఒత్తిడి అన్న 14 అక్షరాల మాటతో సరిపెట్టవచ్చు. చెప్పకపోతే తెర మధ్యలో నరికిన మాట కనిపిస్తుంది.

నెదర్లాండ్స్‌తో పాటు బెల్జియం కూడా మీ మార్కెట్ అయితే ఫైల్లో ఆ రెండూ రాయండి. ఓప్‌లెఖర్ రెండు చోట్లా ఒకటే. నంబరు ప్లేటు నెదర్లాండ్స్‌లో కెంటేకెన్‌ప్లాట్, బెల్జియంలో న్యుమర్‌ప్లాట్. వార్షిక తనిఖీ ఒకచోట ఏపీకే, ఇంకోచోట టెఖ్నిసె కేరింగ్. చట్టపరమైన గరిష్ఠ బరువులు కూడా వేరు, మామూలు కూర్పులకు నెదర్లాండ్స్‌లో 50 టన్నులు, బెల్జియంలో 44. ‘డచ్’ అని ఒక్క మాట రాసి పంపితే నెదర్లాండ్స్ అనే అనుకుంటారు.

సరుకు ఎత్తే వెనక లిఫ్ట్, డచ్‌లో లాడ్‌క్లెప్, విషయంలో చట్టం ఇంకా కచ్చితం. ట్రైలర్ యంత్రాల చట్టం కిందికి రాకపోయినా దాని మీద బిగించిన లిఫ్ట్ వస్తుంది. 2006/42 నంబరు యంత్రాల డైరెక్టివ్ ప్రకారం, వాడే దేశపు అధికార భాషలో సూచనల పుస్తకం ఉండాలి, అనువాదమైతే అది మూల పుస్తకానికి అనువాదమని దాని మీద రాయాలి. 2027 జనవరి 20 నుంచి దాని స్థానంలో 2023/1230 నిబంధన అమల్లోకి వస్తుంది. లిఫ్ట్ పుస్తకాన్ని యంత్రానువాదంతో తీసి పైపైన చూసి వదిలేయవద్దని ఇందుకే గట్టిగా చెబుతున్నాం. పైకి, కిందికి, కాలు దూరంగా అన్న మాటల మీద అక్కడ మనిషి పాదం ఆధారపడి ఉంటుంది. ఇక్కడ లాడ్‌క్లెప్ అనాల్సినచోట ఆఖ్టర్‌క్లెప్ అంటే అది ఉత్త వెనక తలుపు.

ఇక మీరు చేయగలిగినది. మొదటి విడతకు 150 పదాలు చాలు, వాటిని బాగా చేయండి. ఒక్కో పదానికి: ఇంగ్లీషు మాట, అది అమెరికాదా బ్రిటన్‌దా, భాగం నంబరు, బొమ్మ, బండి సంకేతం, ఆమోదించిన డచ్ మాట, దాని ఉపపదం, బహువచనం, వాడకూడని మాట, ఎవరు ఏ తేదీన ఒప్పుకున్నారు. ‘వాడకూడని మాట’ గడిని చాలామంది వదిలేస్తారు, కానీ అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది అదే. ఆమోదం ఇచ్చేవాడు భాషా పండితుడే కానక్కర్లేదు, డచ్ వర్క్‌షాపులో ఫోర్‌మన్ అయితే మరీ మంచిది. పట్టికను ఎక్సెల్‌లో కాకుండా టీబీఎక్స్ (పదకోశాల కోసమే ఉన్న ఫైలు రూపం) రూపంలో ఉంచితే చాలా అనువాద సాఫ్ట్‌వేర్లలోకి ఎక్కుతుంది.

పాత అనువాదాల మెమరీ, అంటే పాత వాక్యాలను దాచి కొత్తవాటికి జోడీ చూపే సాఫ్ట్‌వేర్ నిల్వ, దాని మీద నమ్మకం తగ్గించుకోండి. ‘కాళ్లు దించండి’, ‘కాళ్లు దించకండి’ అన్న ఇంగ్లీషు వాక్యాలు ఒకటి రెండు మాటల తేడాతో చాలా దగ్గరి జోడీగా కనిపిస్తాయి, అలాంటి వాటికి మీరు ఇచ్చే డబ్బు తక్కువ కాబట్టి చూసే సమయమూ తగ్గుతుంది. హెచ్చరికలు, బిగింపు విలువలు, కలిపే–విప్పే వరుసలు ఉన్న వాక్యాలకు ఎంత దగ్గరి జోడీ దొరికినా పూర్తి రేటు ఇచ్చి పూర్తిగా చదివించండి. అనువాదకుడి ప్రశ్నలకు ఒక రోజులో జవాబిచ్చే ఇంజినీరు పేరు పని మొదట్లోనే తేల్చండి. ప్రశ్నలు అడిగే అనువాదకుణ్ణి నెమ్మది మనిషని పక్కన పెట్టకండి. ట్రైలర్ పత్రం మీద ఒక్క ప్రశ్న కూడా రాకపోతే అనుమానించాల్సింది అప్పుడే.

ఈ వారంలోనే మొదలుపెట్టదలిస్తే, మీ పాత డచ్ మెమరీలో నాలుగు మాటలు వెతకండి: వైఫ్‌డె వీల్, లాండింగ్స్‌ఖెస్టెల్, ఎయిర్‌బ్యాగ్, బాడీబిల్డర్. దొరికిన ప్రతి వాక్యం పక్కన భాగం నంబరు, బొమ్మ పెట్టి మీ డచ్ పరిశీలకులకు పంపండి. అందులో ల్యాండింగ్ గేర్‌వి ముందు పంపండి.

ఇట్లు,
ఇంగ్లీష్–డచ్ ట్రైలర్ పత్రాల అనువాద పరిశీలకులు